త్రాసు కుదరని వారం

చవితి, పొద్దుటి పోటు

ఇవాళ మా ధరలు కుదిర్చే యంత్రం, త్రాసు, పచ్చదీపం వెలిగించలేదు. దీపం చూసి జెండా ఎగరెయ్యడమే నా ఉద్యోగం కాబట్టి నాకు సెలవు దొరికినట్టే. ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటి సెలవు. కూతమేడ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని మా పంట్లపేటని తీరిగ్గా చూశాను. నీళ్ళ మీద తేలే పదకొండు పంట్లు, వాటిని ఒకదానికొకటి కట్టిన తాళ్ళు, అంచుల వెంట మా ఇళ్ళ పడవలు, చుట్టూ సముద్రం. పని ఉన్న రోజుల్లో ఊరు ఇంత బాగుంటుందని గమనించనే లేదు.

ఏడున్నరకి కింద జనం తలలెత్తి నన్ను చూడటం మొదలుపెట్టారు. నీళ్ళ పంటు మీద అసిరమ్మ నిండు కడవలు వరసగా పేర్చుకుని నిలబడింది. ఎదురుగా ఖాళీ కడవలతో యాభై మంది. మధ్యలో చెయ్యి చాపేంత దూరం. అయినా ఎవరూ చెయ్యి చాపలేదు. జెండా ఎగరనిదే సరుకు కదలకూడదు. ధర కుదరకముందు చేతులు మారినది తప్పు ధర సరుకు, అది తింటే అరగదు, తాగితే ఒంటికి పట్టదు అని మాకు చిన్నప్పుడే నూరిపోశారు.

యంత్రాలు బాగుచేసే భూలోకం వచ్చి త్రాసు పెట్టె విప్పాడు. లోపల ఉప్పు పేరుకుని ఉంటుందనీ, సాయంత్రానికల్లా తిప్పేస్తాననీ అన్నాడు. జనం ఖాళీ కడవలతో ఇళ్ళకి వెళ్ళారు. పొద్దున్నే ఎనిమిదికి నేను ఇంటికి రావడం చూసి మా ఆయన తాతారావు, నన్ను ఉద్యోగంలోంచి తీసేశారేమోనని సంబరపడ్డాడు.

ఆయనకి మూడు రోజులకోసారి రక్తం కడగాలి. మా వాళ్ళకి కిడ్నీల జబ్బు నేల మీద బతికిన రోజుల నుంచీ వెంట వస్తున్నదే. యంత్రం ఇంట్లోనే ఉంది, కానీ దానికి ఒక్కసారికి ఆరు కడవల మంచినీళ్ళు కావాలి. నిన్న తదియ నాడు కడిగాం. మళ్ళీ షష్ఠికి. ఇంకా రెండు రోజులుంది కదా అని నేను కంగారు పడలేదు.

పంచమి

భూలోకం చేతులెత్తేశాడు. పెట్టెలో ఎక్కడా ఉప్పు లేదట, తీగలన్నీ బాగానే ఉన్నాయట, త్రాసు తన పాటికి తాను తిరుగుతూనే ఉందట. దీపం మాత్రం వెలగదు.

పెద్దలు కూర్చుని నిబంధనల పుస్తకం తీశారు. త్రాసు రాకముందు కూతమేడ మీంచి మనిషే ధర కూసేవాడట, అందుకే దానికి ఆ పేరట. కాబట్టి నేనే కూయాలి. నేనొక ధర చెబుతాను. ఆ ధరకి ఎన్ని కొంటారో, ఎన్ని అమ్ముతారో ఇంటింటికీ చీటీ రాసిస్తారు. కొనేవాళ్ళు ఎక్కువైతే ధర ఒక బిళ్ళ పెంచుతాను, అమ్మేవాళ్ళు ఎక్కువైతే ఒక బిళ్ళ తగ్గిస్తాను. అన్ని సరుకులకీ రెండు పక్కలూ సరిపోయిన క్షణాన జెండా ఎగరేస్తాను. అంతవరకూ ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు. త్రాసు ఒక నిమిషంలో చేసే పని ఇదే.

ఇదంతా మా పెద్దల సొంత ఆలోచన కాదు. బడిలో చెప్పారు. నేల మీద ఉన్న రోజుల్లో కొందరు పండితులు సంతలో ధర ఎలా కుదురుతుందని ఆలోచించి, కాగితం మీద ఇలాంటి కూతమనిషిని ఊహించారట. ధరలు ఒక్కో అడుగే వేసుకుంటూ, తడుముకుంటూ సరైన చోటికి చేరతాయనీ, అప్పుడు సంత నిశ్చలంగా నిలుస్తుందనీ చెప్పారట. వాళ్ళు ఊహించి ఊరుకున్నారు. మా వాళ్ళు మేడ కట్టారు.

పొద్దున్న నీళ్ళు కడవ తొమ్మిది అని మొదలుపెట్టాను. పదకొండు దగ్గర కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ సరిపోయారు. నా అంత గొప్పది లేదనుకున్నాను. తర్వాత చార్జి, అంటే బ్యాటరీల కరెంటు, కూశాను. నీళ్ళలో ఉప్పు తియ్యడానికి చార్జి కావాలి కదా, చార్జి ధర పెరగ్గానే నీళ్ళవాళ్ళంతా పాత చీటీలు చించేసి కొత్తవి రాశారు. నీళ్ళు చెడ్డాయి. మళ్ళీ నీళ్ళు సరిచేస్తే చార్జి చెడింది. చార్జి సరిచేస్తే ఐసు చెడింది, ఐసు చెడితే చేపలవాళ్ళు గోల పెట్టారు. మధ్యాహ్నానికి గొంతు పోయింది. జనం మాత్రం గట్ల మీద కూర్చుని తమాషా చూసినట్టు చూశారు. రేపు కుదురుతుందిలే అని అందరం అనుకున్నాం.

షష్ఠి

కుదరలేదు. నిన్నటికన్నా అధ్వాన్నంగా ఉంది.

జనానికి భయం పట్టుకుంది. రెండు కడవలు కావలసిన ఇల్లు నాలుగని రాస్తోంది, ఎందుకైనా మంచిదని. నాకెలా తెలుసంటే, నేనూ అలాగే రాశాను. మాకు ఎనిమిది కావాలి, పదహారని రాశాను. అందరూ ఇలా రాసేసరికి నీళ్ళ ధర ముప్ఫైకి ఎక్కింది. ముప్ఫై అనగానే అమ్మేవాళ్ళు ఇంకా తయారుచెయ్యని నీళ్ళు కూడా చీటీలో రాసేశారు, కొనేవాళ్ళు సున్నా రాశారు. నేను దించుకుంటూ వస్తే నాలుగు దాకా ఎవరూ కదల్లేదు. నాలుగు అనగానే అందరూ కావాలన్నారు, అమ్ముతామన్నవాడు ఒక్కడూ లేడు. సాయంత్రం దాకా ఇదే ఊగులాట. ఊగిన కొద్దీ ఇంకా పెద్దగా ఊగింది. నిన్న నన్ను చూసి నవ్వినవాళ్ళు ఇవాళ తిట్టారు.

ఇంట్లో రెండు కడవలే ఉన్నాయి, అవి తాగడానికి. రోగులకి అత్యవసర తొట్టిలోంచి నీళ్ళు తీసుకునే హక్కుంది కాబట్టి అక్కడికి వెళ్ళాను. కాపలావాడు మూత ఎత్తి లోపలికి దీపం పెట్టాడు. అడుగున తడి మట్టి తప్ప ఏమీ లేదు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. తాళం తియ్యలేదట, మూత కదిలిన గుర్తులు లేవట. ఎవరో దొంగిలించారని గంటలో ఊరంతా పాకింది. ఎవరి పడవ అడుగున ఎవరు వెతుకుతున్నారో తెలియకుండా పోయింది.

రక్తం కడగలేదు. ఐదు రోజులు దాటనివ్వొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. తదియ నుంచి లెక్కేస్తే అష్టమితో ఐదు రోజులు నిండుతాయి. ఎల్లుండే అష్టమి.

సప్తమి

తాతారావుకి కాళ్ళు వాచాయి. పొద్దున్న మొహం కూడా ఉబ్బింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇంత బతుకూ బతికి ధర కుదరక పోవడమేమిటని తనే జోకేసి తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కూతమేడకి వెళ్ళాను. నీళ్ళు ఆరు నుంచి ఇరవై ఎనిమిదికి, మళ్ళీ ఐదుకి.

మధ్యాహ్నం అసిరమ్మ మా ఇంటికి వచ్చింది. తన పంటు మీద నీళ్ళు పొంగిపొర్లుతున్నాయనీ, ఆరు కడవలు మా పడవ వెనకవైపు దించేసి వెళ్ళిపోతాననీ, డబ్బు ఊసే వద్దనీ చెప్పింది. వద్దన్నాను. వద్దనడానికి నా నోరు ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"నీళ్ళు నా కాడున్నాయి, రోగం నీ ఇంట్లో ఉంది. మజ్జిన ధర కుదర్లేదని కూకుంటే ఏటప్పా ఇది?" అంది అసిరమ్మ.

ఊరికే ఇచ్చినా తప్పు ధరే. సున్నా కూడా ధరే అని పుస్తకంలో ఉంది. దానికి శిక్ష తాడు విప్పడం. రెండేళ్ళ క్రితం గున్నయ్య అనే చేపలవాడు జెండా ఎగరకముందు తన చెల్లెలికి అరబుట్ట చేపలిచ్చాడు. ఆ పిల్ల బాలింత. మేడ మీంచి చూసింది నేను, తప్పుల పుస్తకంలో రాసింది నేను. గున్నయ్య పడవ తాడు విప్పి అలల కట్ట అవతలికి తోశారు. రెండు నెలలు తుఫాను కాలమంతా పెళ్ళాం పిల్లలతో ఆ పడవలోనే ఉన్నాడు. తిరిగొచ్చాక నాతో మాట్లాడలేదు. అసిరమ్మ ఉప్పు తీసే జల్లెడ మీద నాలుగు కుటుంబాలు బతుకుతున్నాయి. నా కోసం ఆమె తాడు విప్పిస్తే నేను మనిషినేనా అనిపించింది. తాతారావు కూడా వద్దని తల అడ్డంగా ఊపాడు.

అసిరమ్మ వెళ్ళాక వంటగదిలో కూర్చుని ఏడ్చాను. ఇది ఈ దినచర్య పుస్తకంలో రాయాల్సిన విషయం కాకపోయినా రాస్తున్నాను.

అష్టమి

చాలా రాయాలి. 

ఆరు గంటలకే భూలోకం ఇంటికి వచ్చాడు. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు. త్రాసు ముప్ఫై ఏళ్ళుగా రాసుకున్న రాతలన్నీ చదివాడట, దానితో పాటు వచ్చిన పుస్తకం చివరి పేజీదాకా చదివాడట. మా గుమ్మంలో కూలబడి చెప్పాడు.

"అప్పా, త్రాసు పాడవనేదు. ఆరొందల సార్లు తిప్పినాక, కుదిరినా కుదరకపోయినా ఆపీసి దీపం ఎలిగించీడమే దాని పని. నీళ్ళు చాలకపోతే అడుగు గొట్టంలోంచి తొట్టి నీళ్ళు తోడీడం, మిగిలిపోతే తొట్లో పోసీడం. ఐసు అయ్యీదీ నీళ్ళే, చార్జి తినీదీ నీళ్ళే, అన్నీ ఆ తొట్టి నీళ్ళతోనే సర్దీసింది. ఇప్పుడు తొట్టి ఎండిపోయింది. సర్దడానికేటీ నేదు, అందుకే దీపం ఎలగట్నేదు."

దొంగ దొరికాడన్నమాట. త్రాసే. సరే, నిజంగా కుదిరిన రోజులు ఎన్ని అని అడిగాను.

"ఎతికేనప్పా. ఒక్కరోజూ నేదు."

పుస్తకం చివరి పేజీలో సన్న అక్షరాల్లో ఉన్న వాక్యం వేలితో చూపించాడు. సరుకులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నప్పుడు ఈ పద్ధతిలో ధరలు తప్పక కుదురుతాయనడానికి రుజువు లేదు, కాబట్టి ఒక తొట్టి ఉంచుకోగలరు. అంతే. కూతమనిషిని ఊహించిన పండితులకి కూడా ఈ సంగతి తర్వాత తెలిసిందట. ఆ వాక్యం మా పెద్దలు చదివారో లేదో, చదివి మూసేశారో తెలియదు.

నాకు కోపం రావాలి. రాలేదు. గుండెల మీంచి కుంపటి దించినట్టయింది. మూడు రోజులుగా నా గొంతే చాలలేదనుకున్నాను, నా చేతకానితనం వల్లే మా ఆయన పోతాడనుకున్నాను. ఎవరి వల్లా కాని పని అది. ఆ తేలికదనం ఒక్క క్షణమే ఉంది. వెంటనే గున్నయ్య పెళ్ళాం ఆ పడవలో పిల్లల్ని పట్టుకుని కూర్చున్న తీరు కళ్ళ ముందుకొచ్చింది.

పెద్దల దగ్గరికి వెళ్ళి చెప్పడం సరైన పద్ధతి. వాళ్ళు కూర్చుని, పుస్తకం తీసి, మధ్యాహ్నానికి ఒక మాట అనేసరికి తాతారావు ఉండడు. నేను తిన్నగా మేడ ఎక్కాను. భూలోకం చెప్పిందంతా, తొట్టి సంగతీ, ఆరు వందల తిప్పుళ్ళ సంగతీ, ఉన్నదున్నట్టు చెప్పాను. 

"ముప్పయ్యేళ్ళ బట్టీ మనం తిన్నదంతా తప్పు ధర తిండే. ఒక్కరికీ అరక్కుండా పోనేదు. నానిప్పుడు దిగి నీళ్ళు కొంటన్నాను. అమ్మీవోలు అమ్మండి. నా తాడు ఇప్పీవోలు ఇప్పండి" అన్నాను.

దిగాను. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు, అంటువ్యాధి ఉన్నదానికి ఇచ్చినట్టు. అసిరమ్మ ముందు నిలబడి ఆరు కడవలు ఎంతకిస్తావని అడిగాను. ఆ మాట ఎప్పుడూ అనలేదు నేను. ఆవిడా ఎప్పుడూ వినలేదు. పెళ్ళిచూపుల్లోలాగా ఇద్దరం కాసేపు నేల చూపులు చూశాం. కడవ పన్నెండు అంది చివరికి. ఎక్కువో తక్కువో నాకేం తెలుసు? ఇచ్చేశాను. డెబ్భై రెండు బిళ్ళలు చేతిలో పోస్తుంటే రెండు కింద పడ్డాయి, ఇద్దరం వంగి ఏరుకున్నాం. మొదటి కడవ నా చేతికి అందిన చప్పుడు తప్ప ఊళ్ళో ఇంకో చప్పుడు లేదు.

ఎవరైనా మా తాడు దగ్గరికి వెళతారేమోనని చూశాను. గున్నయ్య లేచాడు. నా వైపు చూడలేదు. చేపల పంటు మీదకి వెళ్ళి, నాలుగు రోజులుగా కుళ్ళుతున్న బుట్టలు పక్కకి తన్ని, పొద్దున్న పట్టిన బుట్ట మూత తీసి, బుట్ట పదిహేను అని అరిచాడు. ఎవరో ఎనిమిదన్నారు. పద్నాలుగన్నాడు. అక్కడి నుంచి ఎవరు ఏమన్నారో వినపడలేదు, ఊరంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టింది.

భూలోకమూ నేనూ కడవలు మోశాం. తొమ్మిదింటికి యంత్రం తిరిగింది. పదకొండింటికి తాతారావు వెల్లకిలా పడుకోగలిగాడు. ఒంటిగంటకి ఆకలంటున్నాడు. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు, ఉన్నా ఇప్పుడు రాయలేను.

నవమి

ఊరు ఊరులా లేదు. నీళ్ళు మొదటి పంటు మీద పన్నెండు, నాలుగో దాని మీద ఏడు, ఎనిమిదో దాని మీద పదిహేను. ఎనిమిదో పంటువాళ్ళకి నాలుగో పంటు ధర తెలిసి పడవలేసుకుని పోయారు, వాళ్ళు వచ్చేసరికి అక్కడ ధర పదయింది. చేపలు ఒకచోట కొని ఇంకోచోట అమ్ముతున్న ఒక మనిషిని చూశాను. అలాంటివాడికి మా భాషలో ఇంకా పేరు లేదు, రేపటికి ఏదో తిట్టు తయారవుతుంది. మూడు చోట్ల కొట్లాటలయ్యాయి. ఒక ముసలాయన ఐసు దిమ్మ ఇరవైకి కొని, పక్కవాడు తొమ్మిదికి కొన్నాడని తెలిసి, గట్టు మీద కూర్చుని ఆ దిమ్మ పూర్తిగా కరిగేదాకా తిట్టాడు.

చీటీల్లో అబద్ధాలు రాసే గొడవ మాత్రం పోయింది. కడవకి బిళ్ళలు చేత్తో లెక్కపెట్టి ఇవ్వాలంటే రెండు కావలసిన ఇల్లు నాలుగు కొనదు. సాయంత్రానికి నీళ్ళు అన్ని పంట్ల మీదా తొమ్మిదికీ పదకొండుకీ మధ్యకి వచ్చాయి. ఎవరూ కూయలేదు. పూర్తిగా ఒకటి కాలేదు, అవుతాయనీ నాకు తోచడం లేదు.

పెద్దలు నా శిక్ష సంగతి తేల్చడానికి సమావేశమయ్యారు. వచ్చేదారిలో ఇద్దరు ఆకుకూరలు కొనుక్కొచ్చారు, కట్టలు ఒళ్ళోనే ఉన్నాయి. విషయం వాయిదా పడింది.

గున్నయ్య పడవ దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు రాసింది నేనేననీ, తప్పు చేశాననీ చెప్పాను. విన్నాడు.  ఆయన భార్య గుమ్మంలోకి పీట తెచ్చి వేసింది. కాసేపు కూర్చుని వచ్చాను.

ఏకాదశి

రెండోసారి రక్తం కడగడం ఇవాళే. పొద్దున్నే అసిరమ్మ దగ్గరికి వెళ్ళాను, ఈసారి సిద్ధపడి వెళ్ళాను. ఎందుకంటే నిన్న సాయంత్రం ఒక సంగతి తెలిసింది. అష్టమి నాడు నాకు పన్నెండుకి అమ్మిన మనిషి, నేను వెళ్ళిన అరగంటకే నా వెనకున్నావిడకి ఎనిమిదికి అమ్మిందట. కడవకి నాలుగు చొప్పున నన్ను ముంచిందన్నమాట. ఒళ్ళు మండింది. జీవితంలో మొదటిసారి ఒక ధర గురించి నిద్ర పట్టకుండా దొర్లాను. పక్కనే తాతారావు హాయిగా గురకపెట్టాడు.

అడిగేశాను. నాకు పన్నెండు, ఆవిడకి ఎనిమిది, ఇదెక్కడి న్యాయమని. నేను నీ తాడు కాపాడటానికి సప్తమి నాడు నీళ్ళు వద్దన్నదాన్ని అని కూడా అన్నాను. చుట్టూ పదిమంది ఆగి వింటున్నారు. అసిరమ్మ చేతిలో కడవ దించి, చెంగుతో చెయ్యి తుడుచుకుంది.

"ఆవేళ నాను యాభై అడిగినా నువ్వు ఇచ్చీసీదానివప్పా. నాకు తెల్సు. ఊరికే ఇద్దునా అంటే నువ్వు కొంటానని అందరి ముందూ అరిసినావు, సున్నా అంటే మళ్ళీ నీకే మాటొస్తాది. పన్నెండే అడిగేను."

 ఆ పొద్దున్న నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు, ఆవిడ చూసింది. నేనెంత ఇవ్వగలనో ఆవిడకి తెలుసు, నాకు తెలియదు. త్రాసుకి ఆ సంగతి తెలిసే దారే లేదు. యాభై బదులు పన్నెండు అన్నది నా ఎదుట నిలబడ్డ మనిషి.

సరే, ఇవాళెంత అని అడిగాను. పదకొండంది. తొమ్మిదన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, బాగానే నేర్చుకున్నావంది. పదికి తెగింది. ఆరు కడవలూ పడవలోకి ఎక్కించడానికి తనే చెయ్యి వేసింది. ఇంటికొచ్చేసరికి తాతారావు గుమ్మంలో నిలబడి, ఎంతకి తెచ్చావని అడిగాడు.